ప్యారిటీని దిద్దే ముందు: మా ఇంటి సర్వర్‌తో పదకొండు రోజులు

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో మాది ఫొటో స్టూడియో. ఇటు కాశీనగర్, అటు సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం, మెళియాపుట్టి. రెండు రాష్ట్రాల పెళ్లిళ్లూ మేము తీస్తాము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను ముంచెత్తినప్పుడు ఎన్నో ఇళ్లలో ఆల్బములు తడిసి ముద్దయిపోయాయి. ఆ తరువాత నెలల తరబడి ఎవరో ఒకరు స్టూడియోకి వచ్చి, “మా అమ్మ ఉన్న ఫొటో ఒక్కటైనా మీ దగ్గర మిగిలిందేమో చూడండి బాబూ” అని అడిగేవారు. నా దగ్గర ఉన్న పాత డీవీడీలు చాలా మటుకు తెరుచుకోలేదు. ఫొటోలు దాచుకోవడానికి ఇంట్లో సర్వర్ పెట్టుకోవాలన్న నిర్ణయం అప్పటిది.

మా సర్వర్‌లో అన్‌రెయిడ్ నడుస్తుంది, అది అనేక డిస్కులను కలిపి నడిపే సాఫ్ట్‌వేర్. 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు. మూడింటిలో ఫైళ్లు ఉంటాయి, నాలుగవది ప్యారిటీ, అంటే ఆ మూడింటి లెక్కను దాచే డిస్కు. మూడు డిస్కులలోనూ ఒకే స్థానంలో ఉన్న బిట్లను (ఒక్కోటి 0 లేదా 1) కలిపి చూసి, వాటిలో ఒకట్ల సంఖ్య బేసి అయితే ప్యారిటీలో 1, సరి అయితే 0 రాస్తారు. ఏదైనా ఒక డిస్కు పోతే, మిగిలిన రెండింటినీ ప్యారిటీనీ చదివి, పోయిన చోట ఏముండాలో లెక్క కట్టవచ్చు. ఈ ఏర్పాటులో నేను చాలా ఆలస్యంగా గ్రహించినది ఒకటుంది. లెక్క కుదరలేదని మాత్రమే ప్యారిటీ చెప్పగలదు. తప్పు ఏ డిస్కులో ఉందో, అసలు డిస్కులోనే ఉందో లేదో అది చెప్పలేదు. అది మనం వెతికి తెలుసుకోవలసిన సంగతి.

శ్రావణ మాసంలో ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ బలహీనపడి ఉండటంతో సర్వర్ ఉన్నపళంగా ఆగిపోయింది. కరెంటు వచ్చాక అది లేచి, సవ్యంగా ఆపని యంత్రం కనుక తనంతట తానే ప్యారిటీ తనిఖీ, అంటే ఈ లెక్క అన్నిచోట్లా కుదురుతుందో లేదో చూడటం, మొదలుపెట్టింది. రెండు గంటల తరువాత చూసేసరికి రెండవ డిస్కు పక్కన ఎర్ర ఇంటూ గుర్తు, దాని వరుసలో వేల సంఖ్యలో చదువు లోపాలు కనిపించాయి. 2009 నుంచి 2014 వరకు తీసిన పెళ్లిళ్లన్నీ ఉన్నది ఆ డిస్కులోనే, వాటిలో సగానికి రెండో ప్రతి లేదు.

ఎర్ర గుర్తు పడగానే డిస్కు చచ్చిపోయిందని అనుకోవడం సహజం. అయితే అన్‌రెయిడ్ ఆ గుర్తు పెట్టేది డిస్కు మీద రాయబోయి, ఆ రాత విఫలమైనప్పుడు. ఒక చోట చదవలేకపోతే అది మిగతా డిస్కుల నుంచి ఆ సమాచారాన్ని లెక్క కట్టి, తిరిగి అదే చోట రాయడానికి ప్రయత్నిస్తుంది. ఆ రాత కూడా కుదరకపోతే డిస్కును పక్కన పెట్టేస్తుంది. కేబుల్ వదులైనా, పవర్ సరిగా అందకపోయినా ఇదే జరుగుతుంది.

రీబూట్ చేద్దామని చెయ్యి వెళ్లింది కానీ ఆగాను. అన్‌రెయిడ్ లాగ్, అంటే జరిగినవాటి చిట్టా, యంత్రం ఆగితే చెరిగిపోయే ర్యామ్‌లో ఉంటుంది. ఆపితే ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పే ఒక్క సాక్ష్యమూ పోతుంది. ముందుగా ఆ లాగ్ అంతా ఉండే డయాగ్నస్టిక్స్ ఫైలును దింపుకుని, తెల్లవారేదాకా చదువుతూ కూర్చున్నాను. రెండవ డిస్కు లింకు తెగి మళ్లీ కలిసినట్టు వరుసగా నమోదై ఉంది. మూడవ డిస్కు లింకు కూడా సరిగ్గా అదే సెకనులో తెగింది. రెండు డిస్కులు ఒకే క్షణంలో చెడిపోవడం అరుదు కనుక, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడవలసి వచ్చింది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టు కూడా ఇదే వైపు చూపింది. రెండవ డిస్కులో రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి వేరే చోటుకు మార్చిన ముక్కలు) సున్నా, పెండింగ్ సెక్టార్లు (చదవడం కుదరక అనుమానంలో ఉన్నవి) సున్నా. పెరిగినది 199వ వరుసలోని సీఆర్‌సీ లోపాల లెక్క మాత్రమే, అది డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో తేడాలను లెక్కించే వరుస. పొడవైన స్మార్ట్ పరీక్ష 8 గంటలు నడిచి, ఏ లోపమూ లేకుండా ముగిసింది.

అప్పుడు సర్వర్ ఆపి పెట్టె విప్పాను. రెండు, మూడు డిస్కులకు కరెంటు వెళ్లేది ఒకే చీలిక వైరు నుంచి, పవర్ సప్లై నుంచి వచ్చిన పాత నాలుగు పిన్నుల ప్లగ్గుకు తగిలించిన చవకరకం వైరు. టార్చి వేసి చూస్తే తెల్లని ప్లగ్గులో ఒక గుంట చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంది. లోపలి రేకు కాస్త వెడల్పయి పిన్నును పట్టుకోవడం లేదు. వేలితో కదిలిస్తే ఇట్టే ఊగింది. మా ఊరి వానాకాలపు చెమ్మలో ఏళ్లు గడిపిన ఆ రేకు మీద సన్నని పొర కూడా పట్టింది. ఆ వైరు తీసేసి, ఒక్కో డిస్కుకు పవర్ సప్లై నుంచి నేరుగా వచ్చే వైరు పెట్టాలని నిశ్చయించాను. మా మేనల్లుడు విశాఖపట్నంలో ఉంటాడు. కావలసిన వైర్లు, డిస్కును బోర్డుకు కలిపే, క్లిప్పు ఉన్న సాటా కేబుళ్లు, ఒక కొత్త డిస్కు తీసుకుని గుణుపూర్ వెళ్లే పాసింజరులో వచ్చాడు.

వైర్లు మార్చి, రెండవ డిస్కు చోటు ఖాళీగానే ఉంచి సర్వర్ మొదలుపెట్టాను. ఆ స్థితిలో ప్యారిటీ సాయంతో లేని డిస్కు ఉన్నట్టే ఫైళ్లు కనిపించాలి. కనిపించలేదు. డిస్కు మౌంట్ కావడం లేదని, అంటే తెరుచుకోవడం లేదని, పక్కనే ఫార్మాట్ చేయడానికి ఒక గడి ఉందని తెర చూపించింది. “ఫార్మాట్ చేసేద్దాం మావయ్యా, ప్యారిటీ ఉంది కదా, తరువాత అదే కట్టేసుకుంటుంది” అన్నాడు మేనల్లుడు. చాలామంది పెళ్లిళ్లు, పురుళ్లు, చివరి చూపులు పోయేది ఇక్కడే అని వాడికి చెప్పాను. ఫార్మాట్ అంటే డిస్కు మీద కొత్తగా ఖాళీ ఫైల్ వ్యవస్థను, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఏర్పాటును, రాయడం, ఆ రాత ప్యారిటీలో కూడా వెంటనే నమోదవుతుంది. తరువాత ఎన్నిసార్లు కట్టినా తిరిగి వచ్చేది ఆ ఖాళీయే.

చేయవలసినది ఫైల్ వ్యవస్థను బాగుచేయడం. సర్వర్‌ను డిస్కులు మౌంట్ కాకుండా ఉండే మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి, మా డిస్కుల ఫైల్ వ్యవస్థ అయిన ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను బాగుచేసే ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్‌ను ముందు మైనస్ ఎన్‌తో, అంటే ఏమీ రాయకుండా చూసి మాత్రమే చెప్పేలా నడిపాను. తరువాత మైనస్ ఎన్ తీసి నడిపితే, ఫైల్ వ్యవస్థ సొంత లాగ్‌లో మిగిలిన పని ఉంది, ముందు మౌంట్ చేయమని చెప్పి ఆగిపోయింది. మౌంట్ కాదు కనుకనే ఇక్కడికి వచ్చాము. వేరే దారి లేక మైనస్ ఎల్‌తో ఆ లాగ్‌ను చెరిపి బాగుచేయించాను. ఫోల్డర్లన్నీ వచ్చాయి, ఏ ఫోల్డరువో తెలియని ఫైళ్లు పదకొండు, పేర్లు పోయి అంకెలతో, లాస్ట్ అండ్ ఫౌండ్ అనే ఫోల్డర్‌లో చేరాయి.

ఇక డిస్కును తిరిగి కట్టడం, అంటే ప్యారిటీతో లెక్క కట్టినదంతా ఒక డిస్కు మీద మళ్లీ రాయించడం. పాత డిస్కు మంచిదేనని తేలింది కనుక దాని మీదే కట్టవచ్చు, ఖర్చూ తగ్గేది. నేను కొత్త డిస్కు మీద కట్టించి, పాతదాన్ని ముట్టుకోకుండా బీరువాలో పెట్టాను. ఆ తరువాత జరిగినదంతా చూశాక, ఈ పదకొండు రోజులలో నేను చేసిన అన్నిటికన్నా మంచి పని అదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

కట్టడం సుమారు 8 గంటల్లో ముగిసింది. వెంటనే ప్యారిటీ తనిఖీ పెట్టాను, తేడా కనిపిస్తే ప్యారిటీని మార్చేసే దిద్దుబాటు గడిలో టిక్కు తీసేసి. 7 లోపాలు చూపింది. అంతకు ముందు ఏళ్ల తరబడి ప్రతి నెలా సున్నాయే వచ్చేది. మర్నాడు మళ్లీ దిద్దకుండానే తనిఖీ చేస్తే 5 వచ్చాయి. లాగ్‌లో తేడా వచ్చిన చోట్ల సెక్టార్ నంబర్లు ఉంటాయి. రెండు జాబితాలూ పక్కపక్కన రాసుకుని చూస్తే 3 నంబర్లు రెండింటిలోనూ ఉన్నాయి, మిగతావి ఒకసారి కనిపించి మరోసారి కనిపించలేదు. డిస్కు మీద తప్పు రాసి ఉంటే అది ప్రతిసారీ అక్కడే ఉండాలి. ఒకసారి ఉండి ఒకసారి పోయే తప్పు చదివే దారిలోనో లెక్క కట్టే చోటో పుడుతున్నదే. కేబుళ్లు కొత్తవి, సీఆర్‌సీ లెక్క పెరగలేదు, మిగిలినది ర్యామ్. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్‌ను ఒక్కో ర్యామ్ కడ్డీతో విడివిడిగా నడిపాను. మొదటిది రాత్రంతా శుభ్రంగా నడిచింది. రెండవది పెట్టిన గంటలోపే ఎర్ర వరుసలు పడ్డాయి.

చెడ్డ కడ్డీ తీసేసి మూడవసారి తనిఖీ చేస్తే సరిగ్గా ఆ 3 లోపాలే, ఆ 3 చోట్లనే వచ్చాయి. కొత్త డిస్కును కట్టింది చెడ్డ ర్యామ్‌తోనే కనుక, ఆ మూడు చోట్ల డిస్కు మీదనే తప్పు పడి ఉండాలి. దిద్దుబాటు తనిఖీ ఎప్పుడూ ఫైళ్ల డిస్కులు సరైనవని నమ్మి, ప్యారిటీనే మారుస్తుంది. మొదటి రోజే నేను దిద్దించి ఉంటే, ప్యారిటీలో మిగిలిన సరైన విలువ చెరిగిపోయి, తప్పు ఫొటోకి తగ్గట్టు లెక్క కుదిరి, ఆ చోట్లకు ఇక ఎప్పుడూ సున్నాయే వచ్చేది.

బీరువాలోని డిస్కు తీసి, రాయడానికి వీలులేకుండా, దాని లాగ్‌ను కూడా కదపకుండా మౌంట్ చేశాను. కొత్తదానికీ దీనికీ గుర్తింపు సంఖ్య ఒకటే కావడంతో మామూలుగా మౌంట్ కాదు. ఆ పోలికను పట్టించుకోవద్దని విడిగా చెప్పవలసి వచ్చింది. రెండింటిలోని ప్రతి ఫైలుకూ చెక్‌సమ్, అంటే ఫైలులో ఏది మారినా మారిపోయే గుర్తు సంఖ్య, తీసి పోల్చితే రెండు ఫైళ్లు తేడాగా వచ్చాయి. మూడవ తప్పు ఖాళీ చోట పడినట్టుంది. ఒకటి వీడియో. రెండవది 2012లో పాతపట్నంలో తీసిన ఒక అప్పగింతల ఫొటో. కొత్త డిస్కులోని ప్రతిలో పెళ్లికూతురు తండ్రి భుజం దగ్గర నుంచి కింది అంచు దాకా బూడిదరంగు పట్టీ పడింది, పాత డిస్కులో ఆయన కండువా అంచు జరీతో సహా స్పష్టంగా ఉంది. రెండింటినీ పాత ప్రతుల నుంచి తెచ్చి పెట్టి, అప్పుడు దిద్దుబాటుతో ఒకసారి తనిఖీ చేయించాను. ఆ తరువాతి తనిఖీలో సున్నా వచ్చింది.

అంకెల పేర్లతో మిగిలిన పదకొండు ఫైళ్లలో పది, చెక్‌సమ్‌లు కలవడంతో పాత డిస్కులోని పేర్లు తిరిగి పొందాయి. ఒక్కటి దేనితోనూ కలవలేదు. తెరిచి చూస్తే నాలుగు నిమిషాల వీడియో. కాశీనగర్‌లో ఒక ఇంటి అరుగు మీద సన్నాయి మేళం వాళ్లు భోజనాల తరువాత కూర్చుని తమకోసం తాము వాయించుకుంటున్నారు. ఏ పెళ్లిదో మేనల్లుడికి తెలియదు, నాకు వెనుక ఉన్న పందిరి రంగును బట్టి తెలిసింది. ఆ ఫోల్డర్‌లోనే చేర్చి, ఆ ఇంటివారికి కబురు పంపాను.