కారుకు పైన కయాక్: కొట్టివాక్కంలో గిలకల ఏర్పాటు ఎంతవరకు వచ్చింది

చెన్నై కొట్టివాక్కంలోని మా ఇంటికి కింది భాగమంతా కారు నిలిపే స్తంభాల స్థలమే. 12 అడుగుల పొడవు, సుమారు 25 కిలోల బరువు ఉన్న పాలిఎథిలీన్ కయాక్‌ను (తెడ్డుతో నడిపే సన్నని పడవను) అక్కడ కారుకు పైన వేలాడదీసే పని ముగింపుకు వచ్చింది. మిద్దె మీద రేకుల షెడ్డు ఖాళీగానే ఉంది గానీ, రోహిణీ కార్తె ఎండకు కాలిన రేకు కింద ఈ ప్లాస్టిక్ మెత్తబడి, బరువు ఆనిన చోటల్లా సొట్ట పడుతుంది. కింది శ్లాబుకు పైన ఇల్లుంది కనుక ఆ వేడి ఉండదు. 2015 డిసెంబరు వరదల్లో నగరంలో ఎన్నో ఇళ్ల కింది అంతస్తులు మునిగిన సంగతి గుర్తుచేస్తే, పడవ కూడా వరదకు భయపడి పైకెక్కాలా అని మా ఆవిడ అడిగింది.

అసలు చిక్కు ఎత్తడంలో లేదు, ఎక్కడ మోయాలన్న దానిలో ఉంది. రెండు కొనల్లోని పిడులు చేత్తో మోయడానికే తప్ప నెలల తరబడి వేలాడదీయడానికి కావు. అలా చేస్తే నడుము భాగం కుంగుతుంది. అందువల్ల ఒక్కో కొన నుంచి సుమారు 3 అడుగులు లోపలికి, రెండంగుళాల వెడల్పున్న నైలాన్ నవారు పట్టీలు వేశాను. పట్టీ పైకి లాగినప్పుడు పడవ అంచులను నొక్కకుండా, దాని రెండు చివరలను పడవ వెడల్పు కంటే కాస్త పొడవైన టేకు కర్రకు కట్టి, ఆ కర్ర మధ్యలో గిలక తగిలించాను.

పట్టీల మధ్య దూరం 6 అడుగులైతే దూలాల మధ్య దూరం 10 అడుగులు. అందుకని ఒక దూలం నుంచి మరో దూలానికి గాల్వనైజ్డ్ చదరపు పైపు వేయించి, కొక్కేలను కావలసిన చోట దానికే బిగించాను. శ్లాబులో కరెంటు పైపులు దాగి ఉంటాయి, దూలం అడుగున ప్రధానమైన చువ్వలు ఉంటాయి. కాబట్టి పైపును మోసే బ్రాకెట్లను దూలం పక్కవైపున, సగం ఎత్తుకు కాస్త పైన, 10 మిల్లీమీటర్ల యాంకర్ ఫాస్టెనర్లతో (కాంక్రీటు రంధ్రంలో బిగుసుకునే బోల్టులతో) బిగించాం. డ్రిల్లుకు చువ్వ తగిలితే దానిని కోయకుండా రంధ్రాన్ని పక్కకు జరపాలని మేస్త్రీకి ముందే చెప్పి ఉంచాను. ఫాస్టెనర్ పట్టు కాంక్రీటులోనే ఉండాలి గానీ, పైన ఉన్న సిమెంటు పూత లెక్కలోకి రాదు.

కర్ర మధ్యలోని కదిలే గిలక వల్ల ఒక్కో కొన బరువు తాడు మీద సగమే పడుతుంది; బదులుగా పడవ 1.9 మీటర్లు లేవాలంటే 3.8 మీటర్ల తాడు లాగాలి. కొక్కేనికి తగిలించిన పై గిలక మీద నుంచి తాడు కిందికి లాగుతాం కనుక కొక్కేల మీద పడే భారం పడవ బరువు కంటే ఎక్కువ. లెక్క వేసుకున్నాక, ఒక్కో కొక్కేనికి 25 కిలోల బియ్యం బస్తాలు రెండేసి కట్టి రాత్రంతా ఉంచాను. ఫాస్టెనర్ల చుట్టూ పూతలో బీట పడలేదు. నైలాన్ తాడు సాగుతుందని పాలియెస్టర్ తాడు తీసుకున్నాను. రెండు తాళ్లనూ ఒకే రింగుకు కట్టడం వల్ల ముక్కు ముందు, తోక వెనక అన్నట్టు కాకుండా పడవ సమంగా లేస్తుంది.

ఇక్కడి ఉప్పుగాలికి మామూలు ఇనుప గిలకలు త్వరగా తుప్పు పట్టేస్తాయి కనుక, చెన్నైలోని ప్యారీస్ కార్నర్ ప్రాంతపు దుకాణాల్లో వెతికి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే కొన్నాను. ఖరీదు ఎక్కువే గానీ ఇక్కడ పొదుపు చేయడం నాకు ఇష్టం లేదు.

పైకి చేరిన కయాక్ అడుగు నేలకు 1.9 మీటర్ల ఎత్తున, ముక్కు దూలం కింద మూడు వేళ్ల సందుతో నిలుస్తోంది. తాడును స్తంభానికి కట్టాక, పడవ చుట్టూ వేరే పట్టీ వేసి పైపుకు బిగిస్తాను. ఒక్క ముడిని నమ్మి కారును కింద పెట్టను. ముట్టుకాడు ఉప్పుటేరు నుంచి రాగానే మంచినీటితో కడిగి, ఆరబెట్టి, అడుగు బిరడా తీసి, మూతలు వదులు చేసి ఎత్తుతాను. కందిరీగలు గూడు పెట్టకుండా కూర్చునే చోటుకు దోమతెర గుడ్డ కట్టాను.

మిగిలింది మా బావమరిది కనూ, అంటే పైభాగం తెరిచి ఉండే తెడ్డు పడవ. దానిని బోర్లించి, అంచుల మీద ఆనేలా రెండు అడ్డ కర్రలపై పెట్టాలి కనుక ఈ పట్టీలు పనికిరావు. రెండో పైపుకు కొలతలు తీసుకున్నాను; ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోపు బిగించాలి.