పుర్రచేతివాడికి గోల్ఫ్ ఐరన్లు: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండు దాటాక అమెరికా నుంచి దిగిన మా అక్క కొడుకు ఒక పొడుగాటి అట్టపెట్టె మోసుకొచ్చి విజయవాడ కృష్ణలంకలో మా ఇంటి హాల్లో గోడకి ఆనించాడు. అందులో ఆరు గోల్ఫ్ ఐరన్లు, అంటే చదునైన లోహపు తల ఉన్న గోల్ఫ్ కర్రలు. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది నంబర్లు, దగ్గరి దెబ్బలకి ఒక పిచింగ్ వెడ్జ్, ఇసకలోంచి బంతి లేపడానికి ఒక శాండ్ వెడ్జ్. ఆరూ ఎడమచేతివి. ఈ ఆఖరి ముక్క రాయగలగడానికి నాకు ఏడాది పట్టింది. 11,000 రూపాయలు గాల్లో కలిశాయి, విశాఖపట్నంలో పదిమంది ముందు పరువు పోయింది. మేనల్లుడు అమెరికా నిద్రలో ఉన్నాడు, మధ్యాహ్నం దాకా లేవడు. నాకేమో నిద్రే పట్టలేదు. అందుకే తెల్లవారుజామున కూర్చుని రాస్తున్నాను.

ఆటోనగర్‌లో నాది లారీ స్పేర్ పార్టుల కొట్టు. ఇరవై రెండేళ్లుగా కమాన్ పట్టీలు, హబ్బులు, బేరింగులు అమ్ముతున్నాను. ముక్కని రెండుసార్లు మోగించి కాస్టింగో (పోతపోసిందో) ఫోర్జింగో (సాగగొట్టిందో) చెప్పేస్తానని మార్కెట్‌లో నాకు పేరు. అలాంటివాణ్ణి ఇనుము కొనడంలోనే బోల్తాపడ్డాను. కిందటేడు షుగర్ బయటపడింది, డాక్టరు రోజూ నడవమన్నాడు. బందరు కాలవ గట్టున నాలుగు రోజులు నడిచేసరికి విసుగొచ్చింది. విశాఖలో ఉండే మా బావ ఎన్నాళ్లుగానో గోల్ఫ్ ఆడుతున్నాడు. "బిళ్ళంగోడులో గుంటూరు కొత్తపేట మొత్తాన్నీ ఓడించినవాడివి, నీకిదెంత బావా" అన్నాడు. ఆ మాటకి పొంగిపోయాను.

మొదటి సంగతులు తేలిగ్గానే అయిపోయాయి. సంచిలో 14 కర్రల దాకా ఉండొచ్చని రూలు, కానీ కొత్తవాడికి అందులో సగం చాలు. మూడు, నాలుగు నంబర్ల ఐరన్లు కొట్టడం కష్టం, వాటి జోలికి పోనక్కర్లేదు. పొడవు కోసం మణికట్టు నుంచి నేల దాకా టేపు పెడితే నాది మామూలు కొలతే. షాఫ్ట్ (కర్ర కాడ) మీద ఆర్ అని ఉంటే రెగ్యులర్, అంటే కాస్త వంగేది. ఎస్ అంటే స్టిఫ్, బిర్రుగా ఉండేది. యాభై దాటినవాడికి ఆర్ చాలు.

ఐరన్ తల సంగతి మాత్రం నాకు భలే నచ్చింది. బ్లేడు అని ఒక రకం, వెనక వైపు నున్నగా, పల్చగా, చూడముచ్చటగా ఉంటుంది. ఇంకో రకానికి వెనక గుంట ఉంటుంది. గుంట తీసిన లోహాన్ని తల చుట్టూ అంచులకి సర్దుతారు. బంతి నడిమధ్య తగలకపోయినా తల చేతిలో మెలి తిరగకుండా ఆ అంచుల బరువే ఆపుతుంది. నేర్చుకునేవాడు కళ్లు మూసుకుని గుంటదే తీసుకోవాలి. ఈ ఆలోచనని జనంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు కార్స్టన్ సోల్‌హైమ్ అని ఒక ఇంజినీరు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగం చేస్తూ 1959లో ఇంటి గరాజ్‌లో పటర్లు (బంతిని గుంటలోకి దొర్లించే కర్రలు) చేయడం మొదలుపెట్టాడు, పింగ్ కంపెనీ ఆయనదే. షెడ్డులో మొదలైన వ్యాపారం అంటే మా ఆటోనగర్ వాళ్లకి ఎక్కడలేని గౌరవం. ఇంకో మాట. పేరుకే ఐరన్, నిజానికి అది స్టీలు. గుంట తలలు ఎక్కువగా స్టెయిన్‌లెస్ కాస్టింగ్, బ్లేడ్లు ఎక్కువగా మెత్తటి కార్బన్ స్టీలు ఫోర్జింగ్. ఇది నాకు కొట్లో ఎవరూ చెప్పలేదు, నేనే వాళ్లకి చెప్పాను.

ఇంత తెలిసినవాడు ఎలా మోసపోయాడంటారా? చెప్తాను.

హైదరాబాద్‌లో ఒక గోల్ఫ్ సామాన్ల షాపు. పేరు రాయను. తెల్లారగట్ల బస్సెక్కి వెళ్లాను. ఏసీ, గోడంతా మెరిసే తలలు. సేల్స్ కుర్రాడు ఒక ఐరన్ చేతికిచ్చి నిలబడమన్నాడు. నేను అలవాటు ప్రకారం ఎడమచేతి బ్యాట్స్‌మన్‌లా నిలబడ్డాను.

"సార్ లెఫ్టా? రాసేది ఏ చేత్తో?"

"కుడి."

"భోజనం?"

"కుడే."

"ఇంకేంటి సార్, మీరు రైటే" అన్నాడు.

ఇక్కడ నా చిన్నతనం కొంచెం చెప్పాలి. నేను పుట్టుకతో పుర్రచేతివాణ్ణి. మా నాయనమ్మ ఎడమచేత్తో అన్నం కలిపితే కంచం లాగేసేది. గుంటూరులో మూడో తరగతి మాస్టారు ఎడమ చేత్తో పలక బలపం పట్టినప్పుడల్లా స్కేలు అంచుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. ఏడాదిలో రాత, తిండి కుడిచేతికి మారాయి. ఎవరూ పట్టించుకోనివి మాత్రం ఎడమలోనే ఉండిపోయాయి. సుత్తి, స్పానర్, కొబ్బరికాయ, క్రికెట్ బ్యాట్, బిళ్ళంగోడు కర్ర. ఇప్పటికీ పిల్లల చేయి మార్పించే పెద్దల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దక్షిణ ఇచ్చేటప్పుడు కుడిచేత్తో ఇవ్వమనండి చాలు, మిగతాది వాడి ఒంటికి వదిలేయండి.

ఆ కుర్రాడికి ఇదంతా చెప్పబోయాను. వాడు వింటేనా! లెఫ్ట్ సెట్ స్టాకు లేదన్నాడు. ఆర్డరు పెడితే రెండు నెలలు, డిస్కౌంట్ రాదు, రేపు అమ్ముకుందామన్నా కొనేవాడు దొరకడు అన్నాడు. ఆఖరున బ్రహ్మాస్త్రం తీశాడు. "సచిన్‌ని చూడండి సార్, రాసేది ఎడమచేత్తో, బ్యాటింగ్ కుడి. వారం ప్రాక్టీస్ చేస్తే అలవాటైపోతుంది." అయిదు నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా ఆరు ముక్కలు, 24,000 కట్టేశాను. పైగా ఒక గ్లోవు ఊరికే ఇచ్చి, "మీకు లెఫ్ట్ హ్యాండ్‌దే ఇస్తున్నా సార్" అన్నాడు. పాకెట్ మీద కూడా లెఫ్ట్ అనే ఉంది. పోనీలే, నా మాట కొంచెమైనా మన్నించాడు అనుకున్నాను. కుడిచేతి ఆటగాళ్లు గ్లోవు వేసుకునేదే ఎడమ చేతికని అప్పటికి నాకేం తెలుసు?

బస్సు సూర్యాపేట దాటాక సచిన్ సంగతి తట్టింది. రాసే చేయి ఎటో ఆట కూడా అటే అని కదా వాడు నన్ను రైట్‌లో వేసింది? మరి ఆ లెక్కన సచిన్ ఎడమచేత్తో ఆడాలిగా! ఒకే కొట్లో, పది నిమిషాల్లో, రెండు వాదాలు పెట్టి నాకు ఒకే సెట్టు అమ్మాడు. నేను కూడా కొట్టువాణ్ణే, స్టాకున్న సరుకుకి తగ్గట్టు కస్టమరుని ఒప్పించడం నాకు తెలియనిది కాదు. నా మీద ఎవరైనా ప్రయోగిస్తే ఇంత నొప్పిగా ఉంటుందని మాత్రం తెలియదు.

నాలుగు నెలలు మేడ మీద క్రికెట్ నెట్ కట్టి, డోర్ మ్యాట్ మీద బంతి పెట్టి కొట్టాను. నెట్‌లో కొడితే బంతి ఎటు పోతోందో తెలియదు కాబట్టి బాగానే ఉంది. దసరా సెలవులకి విశాఖ వెళ్లినప్పుడు బావ ప్రాక్టీస్ రేంజ్‌కి తీసుకెళ్లాడు. ఆయన ఆట స్నేహితులు అయిదారుగురు, ఆటగాళ్ల సంచులు మోసే క్యాడీలు ఇద్దరు ముగ్గురు. "మా బావమరిది, ఇనుము ఎక్స్‌పర్ట్" అని పరిచయం చేశాడు.

మొదటి బంతికి కర్ర తగల్లేదు. రెండోసారి బంతికి జానెడు ముందే నేల తగిలి భుజం దాకా జివ్వుమంది. మూడోది నెత్తిన తగిలి ఆరడుగులు దొర్లింది. పదిహేను, ఇరవై బంతులు ఇదే వరస. ఎవరూ నవ్వలేదు, అదే ఇంకా నరకం. ఒకాయన "మొదట్లో అందరికీ అంతేనండీ" అంటూ ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. చెమటలు, టెన్షన్. ఆ కంగారులో ఏం చేశానో నాకే తెలియదు, ఒళ్లు దానంతటదే ఎడమకి తిరిగి నిలబడింది. గట్టిగా ఊపాను. చేతిలో ఉన్నది కుడిచేతి ఐరన్ కదా, బంతికి తగిలింది వెనక గుంట. క్రికెట్ బ్యాట్ అయితే ఎడమవాడికీ కుడివాడికీ ఒకటే. ఐరన్‌కి ముఖం ఒక్క వైపే. బంతి అడ్డంగా దూసుకెళ్లి ఆ ఫోన్ పెద్దమనిషి కాళ్ల దగ్గరున్న ఫ్లాస్కుని పడగొట్టింది. కాఫీ మొత్తం మా బావ తెల్ల బూట్ల మీద.

అప్పుడు నవ్వారు. మా బావ అందరికన్నా ఎక్కువ.

ఒక ముసలి క్యాడీ మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి, "బాబూ, గుడిలో కొబ్బరికాయ ఏ చేత్తో కొడతారు?" అని అడిగాడు. ఎడమ అన్నాను. ఆయన నా ఏడో నంబరు ఐరన్ తీసుకుని తల కొస కిందికి వచ్చేలా తిరగేసి నా చేతికిచ్చాడు. అలా తిప్పితే ముఖం ఎడమవాడికి అనుకూలంగా వస్తుంది. బంతి చెట్టు మొదట్లో ఇరుక్కున్నప్పుడు ఆటగాళ్లు చేసే కిటుకట అది. "ఇప్పుడు మీ పాటికి మీరు మెల్లగా కొట్టండి" అన్నాడు. కొట్టాను. తలకిందులుగా ఉన్న కర్రతో బంతి తిన్నగా ఎనభై గజాలు పోయింది. ఆ రోజు నేను కొట్టిన మంచి దెబ్బ అదొక్కటే.

కారులో బావ పురాణం విప్పాడు. అమెరికా ఆటగాడు మికెల్సన్ అన్ని పనులకీ కుడిచేతివాడేనట. చిన్నప్పుడు తండ్రికి ఎదురుగా నిలబడి అద్దంలో బొమ్మలా చూసి నేర్చుకోవడంతో గోల్ఫ్ మాత్రం ఎడమైపోయిందట. 1963లో న్యూజిలాండ్ నుంచి బాబ్ చార్ల్స్ బ్రిటిష్ ఓపెన్ గెలిచి, పెద్ద టోర్నమెంటు నెగ్గిన మొదటి ఎడమచేతి ఆటగాడయ్యాడట. "రాసే చేతికీ దీనికీ సంబంధం లేదు బావా, ఊపితే ఒంటికి ఏది సుఖమో అదే" అన్నాడు. మరి ఇది కొనకముందు ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "నువ్వు అడిగావా? ఇనుము సంగతి నాకు తెలుసన్నావుగా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, అందుకే ఇంకా కోపం.

ఆ సెట్టుని గుంటూరు అరండల్‌పేటలో ఒకాయన 13,000కి తీసుకున్నాడు. గీతలు వెతికి వెతికి, టీ తాగి, ఇంకో అయిదొందలు తగ్గించమన్నాడు. తగ్గించలేదు.

ఎడమచేతివి ఇక్కడ పాతవి వెతికితే దొరకలేదు, కొత్తవి నా బడ్జెట్‌కి అందలేదు. మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు, అక్కడ పాత కర్రలమ్మే కొట్లో ఎడమచేతివి ఒక వరసే ఉందని ఫోటోలు పెట్టాడు. పాతవి కొనేవాళ్లకి చెప్తున్నాను, ముఖం మీద గాడులు అరిగిపోయాయేమో దగ్గర నుంచి ఫోటో అడగండి. ఆరింటి మీదా ఒకే మోడల్ పేరు, షాఫ్టుల మీద ఒకే లేబుల్ ఉండాలి. అయస్కాంతం అతుక్కోకపోతే షాఫ్ట్ గ్రాఫైట్ అయ్యుండొచ్చు. రబ్బరు పట్టు గట్టిపడి ఉంటే భయం లేదు, మార్పించుకోవచ్చు. పేరున్న బ్రాండ్ మరీ కారుచౌకగా వస్తుంటే నకిలీ అనుకోండి. పదేళ్ల కిందటి మోడల్ అయినా కొత్తవాడికి దర్జాగా సరిపోతుంది. నాకు 180 డాలర్లు పడింది. ఏడో నంబరే 37 అంగుళాలు, సూట్‌కేసులో ఎటు తిప్పినా పట్టక పిల్లాడు అట్టపెట్టె కట్టి లగేజీలో వేశాడు.

ఇంకో సంతోషం. మా బావ ఏడో నంబరుతో ఎంత దూరం కొడతాడో ఫోన్లో రోజూ చెప్తాడు. ఐరన్ నంబరు తగ్గేకొద్దీ ముఖం వాలు తగ్గుతుంది. నా పాత మోడల్ ఏడో నంబరు వాలు 34 డిగ్రీలు. ఆయన కొత్త సెట్టులో 29. వాలు తగ్గితే బంతి కిందుగా, దూరంగా పోతుంది. అంటే ఆయన ఏడు అని పిలిచేది నా లెక్కలో ఆరుకీ అయిదుకీ మధ్యది. ఇది ఇవాళ సాయంత్రం ఫోన్ చేసి చెప్పాలి.

పొద్దున్నే మేడెక్కి డోర్ మ్యాట్ మీద పది బంతులు కొట్టాను. తొమ్మిది తగిలాయి. అరచెయ్యి అప్పుడే బొబ్బ లేచింది, ఎందుకంటే గ్లోవు తెప్పించడం మర్చిపోయాను. ఎడమచేతి ఆటగాడికి కావలసింది కుడిచేతి గ్లోవు. షాపువాడు ఊరికే ఇచ్చిన ఎడమది ఇంట్లోనే ఉంది గానీ, గొంగళిపురుగులు కుట్టకుండా మా ఆవిడ అది వేసుకుని పెరట్లో మునక్కాయలు కోస్తోంది.