ఫ్యాను ఆపేసిన ఆదివారం

పొద్దున్న తొమ్మిది దాటాక మేనల్లుడు వచ్చాడు. చేతికి వాచీ లేదు. "వాచీ ఏదిరా?" అంటే జేబులోంచి రుమాలు మూట తీసి టేబుల్ మీద పెట్టి పక్కకి నిలబడ్డాడు. విప్పి చూస్తే అద్దం లోపల ఆవిరి పట్టి ఉంది. పన్నెండు దగ్గరి త్రికోణం మసగ్గా కనిపిస్తోంది. సెకన్ల ముల్లు మాత్రం తిరుగుతూనే ఉంది.

"ఎప్పుడైంది?"

"గురువారం సాయంత్రం మామయ్యా. రుషికొండలో ఫ్రెండ్స్‌తో నీళ్ళలో దిగాం. కీ బుడిపె బిగించడం మర్చిపోయాను."

గురువారం జరిగితే ఆదివారం తెచ్చాడు. మూడు రోజులు దాచాడనే నాకు కోపం. సముద్రంలో దిగినందుకు కాదు, ఆ వాచీ చేసిందే అందుకు. ఉప్పునీళ్ళు లోపలికి వెళ్ళాక ప్రతి పూటా లెక్కే. తుప్పు సెలవు రోజు దాకా ఆగదు.

నా మొహం చూసి వాడు, "డూప్లికేటే కదా మామయ్యా, అంత టెన్షన్ ఎందుకు? లోపలి మెషీన్ మార్చేద్దాం, డబ్బులు నేనిస్తాను" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. లెక్క చూస్తే వాడన్నది తప్పు కూడా కాదు. అందులో ఉన్నది సీకో వాళ్ళ ఎన్‌హెచ్35 మూవ్‌మెంట్. వాచీని నడిపే ఆ మెషీన్‌ని మొత్తం విప్పి సర్వీసు చేయించే ఖర్చుకి కొత్తదే వచ్చేస్తుంది, చాలామంది చేసేదీ అదే. అయినా ఆ "డూప్లికేటే కదా" అన్న మాట దగ్గర నా మనసు చిక్కుకుంది.

వాడికి ఏడేళ్ళప్పుడు ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరీన్ చూపించడానికి తీసుకెళ్ళాను. టార్పెడోల దగ్గర అందరు పిల్లలూ గుమిగూడితే వీడు గుండ్రటి మీటర్ల ముందు నిలబడిపోయి కదల్లేదు. ఒక్కొక్క ముల్లూ ఏం చెబుతుందని అడుగుతూనే ఉన్నాడు. ఇంజనీరింగ్ అయిన ఏడాది వాడికి ఏమివ్వాలా అనుకుంటే అదే గుర్తొచ్చింది. 1950ల నాటి డైవింగ్ వాచీ పోలికతో, విడిభాగాలు కూర్చి ఒకటి కట్టి ఇచ్చాను. బ్లాంక్‌పెయిన్ ఫిఫ్టీ ఫ్యాథమ్స్, రోలెక్స్ సబ్‌మెరీనర్ రెండూ 1953 నాటివి. ఆ తరం సబ్‌మెరీనర్లలో 6538 అని ఒక మోడల్ ఉంది. పెద్ద బుడిపె, దానికి దెబ్బ తగలకుండా కాచే భుజాలు అటూ ఇటూ ఉండవు, పొంగిన ప్లాస్టిక్ అద్దం, నల్ల డయలు మీద బంగారు రంగు అక్షరాలు. 1962లో వచ్చిన మొదటి జేమ్స్ బాండ్ సినిమాలో షాన్ కానరీ పెట్టుకున్నది అదే. నేను కట్టింది ఆ రూపానికే, ఆ పేరుకి కాదు. డయలు మీద కంపెనీ పేరు లేదు, రోలెక్స్ కిరీటం గుర్తు లేదు. వేసిచ్చేవాళ్ళు దొరుకుతారు, నేనే వేయను. పాత హెచ్‌ఎంటీ వాచీలకి కొత్త పెయింటు డయలు వేసి, "అప్పటి సరుకే, వాడనిది" అని అమ్మేవాళ్ళ చేతిలో నేనూ ఒకసారి మోసపోయాను. ఆ పని నా చేతులతో జరగకూడదు.

కిటికీ దగ్గర టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి ఫ్యాను ఆపేశాను. మా ఆవిడ తలుపు దగ్గరే ఆగి, "ఈ ఉక్కలోనా?" అంది. తప్పదు. ఫ్యాను గాలికి సెకన్ల ముల్లు ఎగిరిపోతే ఆ గచ్చు మీద వెతకడం ఎవరివల్లా కాదు. విశాఖలో ఈ పనికి ఉన్న కష్టం ఇదే. గాలి ఆపితే చెమట, కిటికీ తీస్తే సముద్రపు తేమ. నుదుటికి తువ్వాలు చుట్టుకుని, వేళ్ళకి రబ్బరు తొడుగులు వేసుకుని, కంటికి అద్దం బిగించాను. వాణ్ణి పక్కనే కూర్చోబెట్టాను.

విప్పకముందే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టాను. వాచీ టిక్కుల్ని మైకుతో విని లోపలి సంగతి చెప్పే పరికరం అది. ఎన్‌హెచ్35 గంటకి 21,600 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి ఆరు. చూస్తే రోజుకి 12 సెకన్లు ముందు, అటూ ఇటూ ఊగుతూ వాచీని నడిపే బ్యాలెన్స్ చక్రం ఊపు 248 డిగ్రీలు. నాకు ఊపిరి వచ్చింది. నీళ్ళు చక్రాల దాకా వెళ్ళి ఉంటే ఈ ఊపు ఉండదు. చెమ్మ బుడిపె దగ్గరే ఆగిందన్నమాట. అప్పుడే వాడికి చెప్పేశాను, మెషీన్ మార్చట్లేదని.

వెనక మూత విప్పి, బుడిపెని, దాన్ని మెషీన్‌కి కలిపే సన్నటి కాడతో సహా బయటికి లాగాను. కాడ మీద గోధుమ రంగు తుప్పు చుక్కలు, జీలకర్ర గింజంత కూడా లేవు. అది నేను అనుకున్నదే. అనుకోనిది బుడిపె లోపలుంది. సన్నటి నల్ల రబ్బరు రింగు సూదితో తాకితే సాగలేదు, పుటుక్కున తెగింది. ఎండిపోయి గట్టిపడింది. అది మెత్తగా ఉండి ఉంటే బుడిపె బిగించకపోయినా చాలావరకు నీళ్ళని ఆపేది.

ఆ రింగుకి ఏడాదికోసారైనా సిలికాన్ గ్రీజు రాయాలి, రెండేళ్ళకోసారి మార్చేయాలి అన్నది నేను పెట్టుకున్న నియమం. మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతాకి ప్రతి ఉగాదికీ మూత విప్పి చూస్తాను. ఈ వాచీ ఇచ్చి రెండేళ్ళు దాటింది, ఒక్కసారి కూడా వాణ్ణి పట్టుకురమ్మనలేదు. డూప్లికేటే కదా అని వాడు ఇవాళ నోటితో అన్నాడు. నేను రెండేళ్ళుగా చేతలతో అంటున్నాను. ఈ మాట వాడితో అంటే, "తప్పు నాది మామయ్యా, నీదంటావేంటి" అన్నాడు. ఇద్దరిదీ అన్నాను.

ముళ్ళు తీసి, డయలు తీసి, బుడిపె తాలూకు భాగాలు ఒక్కొక్కటీ విప్పాం. ఈ పని నాకు నేర్పింది పూర్ణా మార్కెట్ దగ్గర చిన్న గదిలో కూర్చునే ఒక పెద్దాయన. షాపు మూసేసే రోజున ఆయన ఇచ్చిన గాజు గిన్నె ఇప్పటికీ నా దగ్గరుంది. అందులోనే తెల్ల పెట్రోలు పోసి, తుప్పు పట్టిన స్ప్రింగునీ, చిన్న పళ్ళ చక్రాన్నీ వేసి బ్రష్షుతో కడిగాం. వాడి చేత్తోనే కడిగించాను. మొదట చెయ్యి వణికింది, తర్వాత కుదురుకుంది. కాడకి కొత్తది వేశాను, పాత దాని పొడవుకి కత్తిరించి, సానరాయి మీద అంచు రుద్ది. ఒక్క కాడ కత్తిరించడానికే ముప్పావుగంట పట్టింది. ఒక్క రవ్వ పొడవు మిగిలినా బుడిపె బిగుసుకోదు మరి.

ఆరబెట్టేటప్పుడు మజ్జిగ తాగుతూ వాడు అడిగాడు, డయలు మీద చుక్కలు తెల్లగా కాకుండా మీగడ రంగులో ఎందుకున్నాయని. చుక్కలు చీకట్లో వెలగడానికి పూర్వం రేడియం పూసేవారు, 1960ల నుంచి అది మానేసి ట్రిటియం పూసేవారు. దాని బలం 12.3 ఏళ్ళకి సగం అయిపోతుంది, మళ్ళీ అంతే కాలానికి మిగిలిన దాంట్లో సగం. అందుకే ఆ నాటి వాచీలు ఇప్పుడు చీకట్లో వెలగవు, చుక్కలు మాత్రం ముదిరి మీగడ రంగుకి వస్తాయి. నేను పూసింది ఇప్పటి స్ట్రాన్షియం అల్యూమినేట్, వెలుతురు పీల్చుకుని చీకట్లో వెలిగే పూత. రంగు మాత్రం ఆ ముదురుది. "అంటే నాది వెలుగుతుంది, అసలుది వెలగదు" అని వాడు కాసేపు ఆ చుక్కలకేసే చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక ముళ్ళు పెట్టాం. చిన్న ముల్లు రంధ్రం 1.50 మిల్లీమీటర్లు, పెద్ద ముల్లుది 0.90, సెకన్ల ముల్లుది 0.20. ఆ చివరిది కూర్చోబెట్టడమే అసలు పని. అద్దంలోంచి చూస్తే సూది మొన లాంటి పిన్ను కనిపిస్తుంది, దాని నెత్తిన ముల్లు గొట్టం సరిగ్గా నిలవాలి. ఊపిరి బిగబట్టి దించితే రెండుసార్లు పక్కకి ఒరిగింది. మూడోసారి పుల్లతో మెల్లగా నొక్కగానే చిన్నగా దిగిన స్పర్శ వేలికి తెలిసింది. ఆ స్పర్శ కోసం ఎన్ని ఆదివారాలైనా ఇచ్చేస్తాను.

కొత్త రింగులకి గ్రీజు రాసి మూత బిగించాక చల్లనీళ్ళ పరీక్ష చేశాం. వేడినీళ్ళలో పెట్టిన స్టీలు గిన్నె మీద వాచీని వెచ్చబెట్టి, అద్దం మీద ఫ్రిజ్‌లోని నీటిచుక్క వేసి ఒక నిమిషం ఆగి తుడవాలి. లోపల చెమ్మ మిగిలి ఉంటే ఆ చుక్క కింద మబ్బులా పడుతుంది. వాడు తల వంచి చూసి, "ఏమీ లేదు" అన్నాడు. నేను చూశాను, ఏమీ లేదు. నమ్మకం చాలక ఇంకోసారి చేశాం. అయినా ప్రెషర్ టెస్టు చేయించే దాకా సముద్రం వద్దన్నాను. నెల తర్వాత మూత విప్పి తుప్పు మళ్ళీ మొదలైందేమో చూడాలి.

సాయంత్రం అక్క ఫోన్ చేస్తే వాడు బయల్దేరాడు. వాచీ నా దగ్గరే ఉంచమన్నాను. 8:15కి ఫోన్ టైముతో సెకన్లు కలిపి, డయలు పైకి పెట్టి టేబుల్ మీద ఉంచాను. రేపు సరిగ్గా 8:15కి ఎన్ని సెకన్లు జరిగిందో చూడాలి.

తర్వాత బీరువాలోని పెట్టె తీశాను. నేను కట్టినవి ఇంకా ఐదున్నాయి, ఒక్కదానికీ రబ్బరు చూడలేదు. వరసగా పేర్చి, ఏది ఎప్పుడు కట్టానో చీటీ రాసి ఒక్కోదాని కింద పెట్టాను. గ్రీజు డబ్బా అడుగంటింది. బుడిపెకి సరిపోయే రింగులు రెండే మిగిలాయి. రేపు ఆర్డరు పెట్టాలి. ఇప్పుడు ఫ్యాను వేసుకుంటాను.