పన్నెండుకూ ఇరవై ఒకటికీ మధ్య మూడున్నర వేలు

తిరుపతిలో ఒక ఉన్నత పాఠశాలలో పదో తరగతికి లెక్కలు చెబుతాను. దశాంశ బిందువు పక్కకు జరిగితే అర మార్కు కోయడం పద్దెనిమిదేళ్లుగా నా అలవాటు. అలాంటి నేను ఒక బిందువును సరిగా చదవక మూడున్నర వేలు పోగొట్టుకున్నాను. ఈ సంగతి మా ఆవిడ ఇప్పటికే బంధువులందరికీ చెప్పేసింది కనుక ఇక రాయడానికి మొహమాటం ఏమీ లేదు.

బండి నాది కాదు. బెంగళూరులో ఉండే మా అక్క కొడుకు పై చదువులకు విదేశం వెళ్తూ, "మామయ్యా, నీ దగ్గర ఉంచుకో, అప్పుడప్పుడు నడుపు" అని ఒక అట్టపెట్టె అప్పగించిపోయాడు. లోపల మూరెడు పొడవున్న రిమోట్ కారు. అసలు కారులో పదో వంతు. బ్యాటరీతో తిరిగే బొమ్మ కాదు, నైట్రో ఇంజిన్ బండి. మిథనాల్, నైట్రోమీథేన్, కొంచెం నూనె కలిపిన ఇంధనంతో నడుస్తుంది. ఆ నూనెలో ఆముదం కూడా ఉంటుంది. మొదటిసారి స్టార్టు చేసినప్పుడు మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఎవరికి రా ఆముదం పట్టిస్తున్నావు?" అని అడిగింది. వీధిలో మరెవరి దగ్గరా ఇలాంటిది లేదు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు, నెల రోజులు నేనే పెద్ద నిపుణుణ్ణి.

తర్వాత జబ్బు మొదలైంది. చల్లగా ఉన్నప్పుడు తాడు రెండుసార్లు లాగితే అందుకునేది. నాలుగు నిమిషాలు తిరిగి వేడెక్కగానే ఆగిపోయేది. పూర్తిగా చల్లారేదాకా ఎంత లాగినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మేనల్లుడికి ఫోను చేస్తే వినీ వినగానే చెప్పాడు: "పిస్టనూ స్లీవూ అరిగిపోయాయి మామయ్యా. జత మార్చాలి."

ఈ చిన్న ఇంజిన్లలో పిస్టన్‌కు రింగులు ఉండవు. అల్యూమినియం పిస్టన్, దాని చుట్టూ లోపలివైపు క్రోమియం పూత వేసిన ఇత్తడి గొట్టం, అదే స్లీవ్. స్లీవ్ పైకి పోయే కొద్దీ వెంట్రుకవాసి సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పై అంచు దగ్గర బిగుసుకుంటుంది. వేడెక్కితే ఇత్తడి ఎక్కువగా వ్యాకోచించి, అప్పుడు సరైన కొలతకు వస్తుంది. అరిగిన జతలో చల్లగా ఉన్నప్పుడు కూడా ఆ బిగుతు అంతంతమాత్రమే. వేడెక్కితే సందు పడుతుంది, ఒత్తిడి నిలవదు, బండి ఆగిపోతుంది.

సరే, జత తెప్పించాలి. దుకాణం పట్టీలో 12, 15, 18, 21, 28 అని అంకెలు. మన పెట్టె మీద చూస్తే 2.11 అని ఉంది. రెండు, ఒకటి, ఒకటి. ఇంకేముంది, ఇరవై ఒకటే! దుకాణం అబ్బాయి ఫోనులో, "పన్నెండా సార్, ఇరవై ఒకటా?" అని రెండుసార్లు అడిగాడు. లెక్కల మాస్టారి గొంతుతో, "ఇరవై ఒకటే నాయనా" అన్నాను.

వారానికి పార్సిలు వచ్చింది. ప్లాస్టిక్ సంచి చింపి స్లీవ్‌ను ఇంజిన్ మీద పెట్టి చూశాను. చిటికెన వేలికి చేతిగాజు తొడిగినట్టు ఉంది. చింపిన సరుకు వెనక్కి తీసుకోరు.

మా ఎదురింటి మామ ఇక్కడి రైలు పెట్టెల మరమ్మతు కర్మాగారంలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన వెర్నియర్ కాలిపర్‌ను పంచె కొంగుతో తుడుస్తూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "అంకెలు ఎవరైనా అచ్చు వేస్తారు అయ్యవారూ, లోహాన్ని అడగండి" అన్నారు. తల మీద నాలుగు స్క్రూలు అలెన్ కీతో విప్పి, స్లీవ్ లోపలి వ్యాసం కొలిచారు. 13.8 మిల్లీమీటర్లు. తర్వాత పిస్టన్‌ను కింది చివరికి దించి, కాలిపర్ తోక లోపలికి దింపి ఒక కొలత, పైకి తెచ్చి మరో కొలత. తేడా 14. "ఇక మీ పని" అని కాలిపర్ మూసేశారు.

నా పనే మరి. ఏటా పదో తరగతిలో చెప్పే క్షేత్రమితి, స్థూపం ఘనపరిమాణం. వ్యాసార్ధం 6.9, దాని వర్గం 47.61, పై (π)తో గుణిస్తే దాదాపు 149.6, ఎత్తు 14తో గుణిస్తే 2,094 ఘన మిల్లీమీటర్లు. అంటే 2.09 సీసీ. పెట్టె మీది 2.11 అబద్ధం చెప్పలేదు, అది సీసీల లెక్క. దుకాణం పట్టీ అబద్ధం చెప్పలేదు, అది ఘన అంగుళాల లెక్క. అక్కడి 12 నిజానికి పాయింట్ 12. ముందున్న చుక్కను వాడుకలో అందరూ మింగేస్తారు. ఒక ఘన అంగుళం 16.387 సీసీ. కాబట్టి పాయింట్ 12 అంటే 1.97 సీసీ, 15 అంటే 2.46, 18 అంటే 2.95, 21 అంటే 3.44, 28 అంటే 4.59. పదో వంతు రోడ్డు కార్ల పోటీల్లో పన్నెండు తరగతికి 2.11 సీసీ దాకా ఒప్పుకుంటారు. అందువల్ల మా ఇంజిన్ లెక్క ప్రకారం పాయింట్ 128 దగ్గర తేలినా పేరు మాత్రం పన్నెండే. నేను కొన్నది ఎనిమిదో వంతు బగ్గీల్లో, అంటే మట్టి బాటల మీద పరుగెత్తే బండ్లలో వాడే, మూడున్నర సీసీల ఇంజిన్‌కు సరిపడే జత. ఆ స్లీవ్ లోపలి వ్యాసం పదహారు మిల్లీమీటర్ల పైమాటే.

ఈ అంగుళాల గొడవ అమెరికా మోడల్ విమానాల ఇంజిన్ల నుంచి వచ్చింది. కొందరు తయారీదారులు సీసీల్లోనే పేరు పెడతారు. ట్రాక్సస్ కంపెనీ వారి ఇంజిన్ పేరులోని 3.3 సీసీలే, అంగుళాల్లో పాయింట్ 20. ఒకే బల్ల మీద మణుగులూ కిలోలూ కలిపి అమ్మినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. ఎవరో ఒకరు పద్ధతి మార్చుకుంటే బాగుండేది. నా మాట ఎవరు వింటారు?

అప్పటికీ ఆశ చావలేదు. ఇరవై ఒకటి ఇంజినే మొత్తం కొని ఇందులో బిగిస్తే పోదా అని మేనల్లుణ్ణి అడిగాను. నవ్వాడు. 12, 15, 18 ఇంజిన్లు చాలావరకు ఒకే సైజు ఒంటితో వస్తాయి, ఒకదాని చోట ఒకటి పట్టించవచ్చు. ఇరవై ఒకటి ఒళ్లే వేరు. బిగించే రంధ్రాల దూరం కలవదు, బరువు ఎక్కువ, క్లచ్చు, గేర్లు తట్టుకోవు, 75 సీసీల టాంకు చూస్తుండగానే ఖాళీ అవుతుంది. పెద్ద ఇంజిన్ వల్ల లాగుడు పెరుగుతుంది. వేగం గేర్లనూ బండి బరువునూ బట్టి ఉంటుంది. తేలికపాటి బండిలో నిమిషానికి ముప్పై వేల చుట్లకు పైగా తిరిగే పన్నెండే చాలు.

అసలైన పన్నెండు జత రావడానికి ఇంకో పది రోజులు పట్టింది. కొత్త జత ఎంత బిగుతు అంటే, చల్లగా తాడు లాగితే తెగేలా ఉంది. అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో ఇంజిన్ తలను వెచ్చబెట్టాక గాని కదల్లేదు. కరకంబాడి రోడ్డు వైపు ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్లో ఆదివారం పొద్దున్నే దిగాం. మొదటి ఐదు టాంకులు కార్బరేటర్ సూదిని వదులుగా ఉంచి, ఇంధనం ఎక్కువగా పోయేలా నడపాలి. నీలంగా పొగ రావాలి, జీవం లేనట్టు ఈడుస్తూ పోవాలి. నాలాంటి ఓపిక లేని మనిషికి అది శిక్షే. టాంకుకూ టాంకుకూ మధ్య చల్లారనివ్వాలి. మామ మాత్రం కొండ వైపు తిరిగి కూర్చుని పల్లీలు తింటూ, "కొత్త కోడల్ని మొదటిరోజే బావి దగ్గరకు పంపుతారా?" అన్నారు.

ఆరో టాంకు నుంచి సూదిని కొంచెం కొంచెంగా బిగించాను. నా దగ్గర ఉష్ణోగ్రత కొలిచే పరికరం లేదు. తల మీద నీటి చుక్క వేస్తే మూడు నాలుగు సెకన్లు సలసలమని ఆవిరైతే సరి. పడీ పడగానే ఎగిరిపోతే వేడి మితిమీరినట్టు, సూదిని వెనక్కి తిప్పాలి. ఒకసారి అలాగే ఎగిరిపోయింది. గుండె జారింది, వెంటనే వదులు చేశాను. ఇంధనం ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగు తప్పదు. మిథనాల్ విషం, అది మండితే మంట ఎండలో కంటికి కనబడదు. పిల్లలను దూరంగానే నిలబెట్టాను.

మధ్యాహ్నానికి బండి వేడిగా ఆగింది, వేడిగానే మళ్లీ అందుకుంది. నాకు కావలసింది అదే. ఇంటికొచ్చి టాంకులో మిగిలింది ఒంపేసి, తుప్పు పట్టకుండా నాలుగు చుక్కల నూనె వేసి భద్రం చేశాను.

తప్పుగా వచ్చిన ఆ ఇరవై ఒకటి స్లీవ్ ఇప్పుడు టీవీ పక్కన ఉంది. నిన్న సాయంత్రం మామ కాఫీకి వచ్చి దాన్ని వేలికి తొడిగి తిప్పుతూ, "దీనికి తగ్గ బండి ఎప్పుడు తెస్తారు అయ్యవారూ?" అన్నారు. మా ఆవిడ ఆముదం తాగినట్టు ముఖం పెట్టి లోపలికి వెళ్లి, గ్రైండర్ వేసింది.