ఐదు కమిటీలు, ఒక ట్రాక్టర్: మా పంచాయతీలో చెత్త కమిటీలను ఒక దారికి తెచ్చిన అనుభవం

మా పంచాయతీలో చెత్త సంగతి చూడటానికి ఐదు కమిటీలు ఉండేవి. చెత్త ఎత్తే ట్రాక్టర్ మాత్రం ఒక్కటే.

నేను తెలంగాణలో పంచాయతీ కార్యదర్శిని. 2019లో ఎన్నికైన పాలకవర్గం ఉన్న రోజుల్లో ఈ కమిటీలన్నిటినీ కలిపే పని నా మీద పడింది. "కలిపేశాం" అని ఒక్క ముక్కలో చెప్పడానికి లేదు. కొన్నిటిని రద్దు చేశాం, కొన్నిటిని ముట్టుకోలేదు, కొన్నిటికి పేరు ఉంచి పని ఒక్కచోటికి తెచ్చాం. పక్క పంచాయతీల కార్యదర్శులు ఎలా చేశారని ఫోన్లు చేస్తుంటారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఐదూ ఏవో చెప్పాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం వేయాల్సిన నాలుగు స్టాండింగ్ కమిటీల్లో పారిశుధ్య కమిటీ ఒకటి. 15 మంది సభ్యులు, అందులో సగం ఆడవాళ్లు. రెండోది గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ. ఇది 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ నుంచి వచ్చింది, దాన్ని నడిపేది ఆశ కార్యకర్త. మూడోది ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల్లో చెప్పిన గ్రామ నీటి, పారిశుధ్య కమిటీ. నాలుగోది నిఘా కమిటీ. బహిరంగ మలవిసర్జన మాన్పించడానికి స్వచ్ఛ భారత్ రోజుల్లో గ్రామసభలో వేశారు. మరుగుదొడ్లు పూర్తయి దాని పని అయిపోయాక, ఎవరూ చెప్పకుండానే చెత్త మీదికి మళ్లింది. ఐదోది డంపింగ్ యార్డు కమిటీ. తడి చెత్త, పొడి చెత్త వేరుచేసే షెడ్డు కట్టేటప్పుడు పంచాయతీయే తీర్మానం చేసి వేసుకుంది.

ఈ ఐదింట్లోనూ తిరిగేది దాదాపు అవే ముఖాలు. వార్డు సభ్యులు, మహిళా సంఘం అధ్యక్షురాలు, అంగన్‌వాడీ టీచర్, ఆశ. ఎస్సీ కాలనీలో చివరి గల్లీకి ట్రాక్టర్ పోవడం లేదనే ఫిర్యాదు నాలుగు మినిట్స్ పుస్తకాల్లో కనిపించింది. నాలుగింట్లోనూ చివర "తగు చర్య తీసుకోవలెను" అని ఉంది. ఎవరు తీసుకోవాలో ఏ పుస్తకంలోనూ లేదు.

అసలు తగువు అంతా ట్రాక్టర్ పొద్దున పూట దగ్గరే. ట్రాలీ తగిలిస్తే చెత్త బండి, ట్యాంకర్ తగిలిస్తే మొక్కలకు నీళ్ల బండి. రెండు పనులూ ఎండెక్కకముందే కావాలి. చెత్త కమిటీలన్నీ పొద్దున ఆరింటికి ట్రాలీ కావాలనేవి. మొక్కల పెంపకం స్టాండింగ్ కమిటీ అదే వేళకు ట్యాంకర్ రాయించుకునేది. ఎండాకాలంలో ఎప్పుడూ ట్యాంకరే గెలిచేది. దానికి కారణం ఉంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే సర్పంచ్ మీద, కార్యదర్శి మీద చర్య తీసుకోవచ్చని అదే 2018 చట్టం చెబుతోంది. చివరి గల్లీలో చెత్త మిగిలిపోతే మాత్రం అంత భయం లేదు. నేనైనా సర్పంచ్ గారైనా ఏ వైపు మొగ్గుతామో ఊళ్లో అందరికీ తెలుసు. ట్రాక్టర్ డ్రైవరే ఒకరోజు ఆఫీసు ముందు అన్నాడు: "సారూ, గిన్ని కమిటీలు చెప్తే నేనెవల మాట వినాలె? బండి ఒక్కటే గద."

అతని మాట పట్టుకునే మొదలుపెట్టాం. మొదట సర్పంచ్ గారి ఆలోచన సూటిగా ఉండేది: ఐదూ రద్దు చేసి ఒక్కటి వేసేద్దాం. నేను కాస్త ఆగమన్నాను. కమిటీని రద్దు చేయాలంటే ముందు దాన్ని ఎవరు పుట్టించారో చూడాలి. బీరువాలో ఉన్న తీర్మానం పుస్తకాలు, సర్క్యులర్లు, పథకాల మార్గదర్శకాలు అన్నీ తీసి ఒక్కో కమిటీ పుట్టుక కాగితం వెతికాను. ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఇదే. ఆ కాగితాలన్నీ ముందర పెట్టుకుంటే సగం వాదనలు వాటంతట అవే తేలిపోయాయి.

చట్టంలో పుట్టిన పారిశుధ్య కమిటీని పంచాయతీ తీసేయలేదు. పథకం మార్గదర్శకాల్లో పుట్టిన రెండిటినీ తీసేస్తే వాటితో ముడిపడిన నిధులు, నివేదికలు చిక్కుల్లో పడతాయి. ఆరోగ్య కమిటీకి ఏటా వచ్చే 10,000 రూపాయల అన్‌టైడ్ నిధికి (ఫలానా పనికేనని కట్టడి లేని డబ్బు) ప్రత్యేక ఖాతా ఉంది, దాన్ని పంచాయతీ నిధిలో కలపకూడదు. ఇక మిగిలినవి రెండు. యార్డు కమిటీ మా తీర్మానంతో పుట్టింది, మా తీర్మానంతోనే పోతుంది. నిఘా కమిటీ గ్రామసభలో పుట్టింది కాబట్టి పాలకవర్గం గదిలో కూర్చుని రద్దు చేస్తే మర్యాదగా ఉండదని గ్రామసభకే పెట్టాం.

ఈ లెక్కంతా ఒక పేజీలో రాసి, మండల స్థాయిలో రాతపూర్వకంగా అభిప్రాయం అడిగాం. నోటిమాటగా అడిగితే మొదట వచ్చిన జవాబు "ఉన్నవి ఉండనీయండి, ఎందుకు కదిలిస్తారు" అనే. కాగితం మీద అడిగాక జవాబు మారింది: చట్టం, పథకాల కింద వచ్చిన కమిటీల పేర్లు, రిజిస్టర్లు వేరువేరుగా ఉండాలి, సభ్యులు ఒకరే కావడానికీ, ఒకే రోజు కూర్చోవడానికీ అభ్యంతరం లేదు. మాకు కావాల్సింది అంతే.

తర్వాత పేర్ల జాబితా. మూడు కమిటీల నిబంధనలూ ఒకేసారి తీర్చే 15 మంది పేర్లు రాయడం మొదట కష్టమనిపించింది గానీ, పక్కపక్కన పెట్టి చూస్తే వాటిలో పోలిక ఎక్కువే. మూడింట్లోనూ సగం ఆడవాళ్లు ఉండాలి. నీటి కమిటీలో 10 నుంచి 15 మంది ఉండాలి, ఎన్నికైన సభ్యులు పావు వంతు మించకూడదు. ఆరోగ్య కమిటీలో కనీసం 15 మంది, అందులో ఆశ, ఏఎన్ఎం (ఊరి ఆరోగ్యం చూసే నర్సు) తప్పనిసరి. ముగ్గురు వార్డు సభ్యులు, ఆశ, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్, గ్రామ సమాఖ్య నుంచి ఇద్దరు అని వేసుకున్నాక మిగిలిన ఏడు స్థానాల్లో ఎస్సీ, ఎస్టీ వాడల వాళ్లను కూర్చాం. కాగితం మీద చక్కగా కుదిరింది.

ఊళ్లో కుదరలేదు.

పేరు పోయిన వాళ్లకు అది చిన్న విషయం కాదు. కమిటీ సభ్యుడంటే జీతం లేదు, భత్యం లేదు, కానీ పండగ ఫ్లెక్సీ మీద పేరు పడుతుంది, ఆఫీసుకు వస్తే కుర్చీ వేస్తారు. పైగా యార్డు కమిటీలో ఎక్కువమంది ఎన్నికల్లో అవతలి వర్గంలో ఉన్నవాళ్లు. "మమ్మల్ని ఏరిపారేయనీకే గీ నాటకం" అని గ్రామసభలో ఒక పెద్దాయన లేచి గట్టిగానే అన్నాడు. ఆయన అనుమానంలో న్యాయం లేకపోలేదు. జాబితా రాసింది మేమే, రద్దయ్యే కమిటీల్లో ఎక్కువున్నది వాళ్లే. సర్పంచ్ గారు అక్కడే మాట మార్చారు. మిగిలిన ఏడు స్థానాల్లో మూడు యార్డు కమిటీ వాళ్లకే ఇస్తామని, ఎవరిని పంపాలో వాళ్లే తేల్చుకోవాలని చెప్పారు. ఆడవాళ్ల లెక్క తప్పకుండా పంపాలన్న ఒక్క షరతు మాత్రం పెట్టారు. వాళ్లు ఇద్దరు ఆడవాళ్లనూ ఆ పెద్దాయననూ పంపారు. ఆ తర్వాత నెలనెలా తప్పకుండా వచ్చింది ఆయనే.

యార్డు కమిటీ అప్పగింతలో ఇంకో సంగతి ఉంది. షెడ్డు తాళంచెవి, పొడి చెత్త అమ్మిన డబ్బు లెక్క రెండూ ఆ కమిటీ అధ్యక్షుడి ఇంట్లోనే ఉండేవి. మనిషి నిజాయితీపరుడే. సీసాలు, అట్టలు, ప్లాస్టిక్ కొనుక్కుపోయిన ప్రతిసారీ నోటుబుక్కులో రాసుకున్నాడు. కానీ ఒక్కదానికీ పంచాయతీ రశీదు లేదు. రద్దు తీర్మానం కంటే ముందే ఆ డబ్బు సాధారణ నిధికి జమ చేయించి రశీదు ఇచ్చాం, నోటుబుక్కు నకలు ఫైల్లో పెట్టాం. రద్దయ్యాక అడిగి ఉంటే "నన్ను తీసేసి ఇప్పుడు లెక్కలడుగుతున్నరా" అనేవాడు, అనడంలో తప్పూ ఉండేది కాదు. కమిటీలు కలిపేవాళ్లు వస్తువులు, డబ్బు, తాళాలు ముందు తీసుకోండి, తీర్మానం తర్వాత రాయండి.

నేను ఊహించని చిక్కు ఆరోగ్య కమిటీతో వచ్చింది. 2018 ఆగస్టులో రాష్ట్రంలో 4,383 కొత్త పంచాయతీలు ఏర్పడి మొత్తం 12,751 అయ్యాయి. మా శివారు తండా అప్పుడే విడిపోయి సొంత పంచాయతీ అయింది. కానీ ఆరోగ్య కమిటీ రెవెన్యూ గ్రామానికి (భూమి రికార్డుల్లో ఉండే ఊరికి) ఒకటి, రెవెన్యూ గ్రామం మాత్రం విడిపోలేదు. అంటే ఆ కమిటీ మాది మాత్రమే కాదు, తండాది కూడా. మా 15 మందినే అందులో పెట్టేస్తే తండా వాళ్లకు చోటే ఉండదు. దానికి పరిష్కారం ఆశక్కే చెప్పింది: కనీసం 15 మంది అన్నారు గానీ 15 మించొద్దని అనలేదు కదా సార్ అని. తండా నుంచి నలుగురిని అదనంగా చేర్చాం. ఉమ్మడి సమావేశం ఒక నెల మా దగ్గర, ఒక నెల తండాలో పెట్టుకోవాలని ఇద్దరు సర్పంచులూ ఒప్పుకున్నారు. నిజం చెప్పాలంటే తండాలో పెట్టిన నెలల్లో మా ఊరి సభ్యులు సగం మంది రారు.

మేం కుదుర్చుకున్న పద్ధతి ఇది. పంచాయతీ నెలవారీ సమావేశానికి కొద్ది రోజుల ముందు ఒక పూట అందరూ కూర్చుంటారు. చర్చ ఒక్కటే, రిజిస్టర్లు మూడు. చెత్త సేకరణ సంగతి పారిశుధ్య కమిటీ పుస్తకంలో, మురుగునీరు, ఇంకుడుగుంతల సంగతి నీటి కమిటీ పుస్తకంలో, దోమలు, జ్వరాలు, బ్లీచింగ్ ఖర్చు ఆరోగ్య కమిటీ పుస్తకంలో రాస్తాం. ప్రతి అంశం ఎదురుగా చేయాల్సిన మనిషి పేరు, తేదీ వేస్తాం. "తగు చర్య" అనే మాట రాయకూడదని సర్పంచ్ గారి ఆర్డరు. మూడు పుస్తకాలు ఎందుకని కొందరు విసుక్కున్నారు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు మూడూ విడివిడిగా అడిగారు.

మొక్కల కమిటీని ఇందులో కలపలేదు, కలపడం కుదరదు కూడా. కానీ దాని నుంచి ఒకరు ఈ సమావేశానికి వచ్చి కూర్చుంటారు, ఎందుకంటే ట్రాక్టర్ వేళలు ఇక్కడే తేలతాయి. వారంలో నాలుగు పొద్దునలు ట్రాలీకి, మూడు ట్యాంకర్‌కు. ఎండాకాలంలో ఇది తిరగబడుతుంది. ట్యాంకర్ రోజున చెత్త సాయంత్రం ఎత్తుతారు, ఇరుకు గల్లీల్లోకి మల్టీపర్పస్ వర్కర్లు రిక్షాతో పోతారు. రిపేరు వస్తే ఖర్చు ఎక్కడ రాయాలనే గొడవ కూడా ఇక్కడే తీరుతుంది. 2021–26 మధ్య 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనికే వాడాల్సినవి; అందులో సగం పారిశుధ్యానికి, సగం నీటికి. ట్రాలీ టైరు ఒక పద్దు, ట్యాంకర్ వాల్వు ఇంకో పద్దు. ఇంజన్ పాడైతే మాత్రం ఇప్పటికీ వాదించుకుంటాం.

చివరి గల్లీకి బండి పోతోంది. తడి పొడి వేరుచేయడం మాత్రం కమిటీలు కలిపినందువల్ల పెద్దగా మెరుగుపడలేదు. అది ఇంటింటికీ తిరిగే మహిళా సంఘం వాళ్ల ఓపిక మీద ఆధారపడింది, వాళ్లు తిరిగిన వారాల్లో బాగుంటుంది.

2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. అప్పుడు మళ్లీ పుట్టుక కాగితాల ఫైలు తీయాల్సి వచ్చింది. పాలకవర్గంతో పాటు దాని స్టాండింగ్ కమిటీలూ నిలిచిపోయాయి. ఆరోగ్య కమిటీ ఖాతా, పని అలాగే ఉన్నాయి కాబట్టి ఉమ్మడి సమావేశాన్ని దాని పేరు మీదే ఆశక్క పిలిచింది. ట్రాక్టర్ వేళల పట్టిక అందులోనే రాసుకున్నాం. పాలకవర్గం మారిన ప్రతిసారీ కొత్త 15 మంది పేర్లు రాయాలి, మార్గదర్శకాలు మారితే లెక్కలూ మారతాయి. అందుకే ఫైలు మొదటి పేజీలో ఏ కమిటీ ఎక్కడ పుట్టింది, ఎవరు రద్దు చేయగలరు, సభ్యులెందరు, ఖాతా ఉందా లేదా అని ఒక పట్టిక అతికించాను. ఫోన్ చేసిన కార్యదర్శులకు ముందు పంపేది ఆ పేజీ ఫొటోనే.