పవర్ తగ్గించాకే మా ఇంట్లో వైఫై కుదురుకుంది

మా ఇంట్లో కింద ఒకటి, పైన ఒకటి రెండు యాక్సెస్ పాయింట్లున్నాయి (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు), రెండింటికీ కేబుల్ ఉంది, పేరూ పాస్‌వర్డూ ఒకటే. అయినా కింద హాల్లో వీడియో కాల్ మొదలుపెట్టి మాట్లాడుకుంటూ మెట్లెక్కితే చాలు, పైగదిలో అడుగు పెట్టేసరికి బొమ్మ ఆగిపోయి మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. "ఏరా, నువ్వు పైకెళ్తే చాలు ఏమీ వినపడదేంటి" అని అమ్మ ప్రతిసారీ అనేది. నిజానికి ఆ గదిలో యాక్సెస్ పాయింట్ నా తల మీదే ఉంది!

మొదట అందరూ చేసేదే నేనూ చేశా, రేడియో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రెండింటికీ ట్రాన్స్‌మిట్ పవర్ హై పెట్టేశా. ఇంకా అధ్వాన్నమైంది, రెండో రోజుకి పైన గదిలో పేజీలు కూడా తెరుచుకోవడానికి సతాయించడం మొదలైంది.

అప్పుడు ఓ నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నా, ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చాలి, మార్చిందల్లా రాసుకోవాలి అని. ఈ నియమం లేకపోతే ఏది మారిస్తే బాగైందో ఎప్పటికీ తెలీదు. ముందు సెట్టింగ్స్‌లో దేశం ఏముందో చూశా, వేరే దేశం ఉంది, అది సరిచేశా. ఏ ఛానెళ్ళు (సిగ్నల్ నడిచే దారులు) వాడొచ్చు, ఎంత పవర్ ఇవ్వొచ్చు అనేవి దాన్ని బట్టే వస్తాయి కాబట్టి దీంతోనే మొదలుపెట్టాలి.

తర్వాత ఫోన్లో చుట్టూ ఉన్న వైఫై సిగ్నళ్ళు చూపించే స్కానర్ యాప్ వేసుకుని ఇల్లంతా తిరిగా. మావి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో రెండూ ఆటోలో ఉండి 6వ ఛానెల్ మీదే కూర్చున్నాయి, పైగా వెడల్పు 40 మెగాహెర్ట్జ్. ఈ బ్యాండ్‌లో ఛానెల్‌కీ ఛానెల్‌కీ మధ్య దూరం 5 మెగాహెర్ట్జే, సిగ్నల్ వెడల్పేమో 20, అందుకే ఒకదాన్నొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. 40 పెడితే మొత్తం బ్యాండ్‌లో సగం ఒక్కటే తినేస్తుంది. వెడల్పు 20కి తగ్గించి కిందది 1, పైది 11 పెట్టా. ఖాళీగా కనిపిస్తోంది కదా అని 3 లోనో 4 లోనో పెట్టకండి, ఒకే ఛానెల్‌లో ఉన్నవాళ్ళు ఒకరి మాట ఒకరు విని వంతులవారీగా మాట్లాడుకుంటారు, పక్క ఛానెల్‌వాడిది మాత్రం ఉత్త రొదలాగే వినిపిస్తుంది.

5 గిగాహెర్ట్జ్‌లో కిందది 36, పైది 100 పెట్టా, వెడల్పు 80. సేవ్ కొట్టగానే పైనున్నది మాయమైపోయింది. ఫోన్లో పేరు లేదు, లాప్‌టాప్‌లో లేదు, నాకు చెమటలు పట్టాయి, ప్లగ్ పీకి మళ్ళీ పెట్టా, అయినా రాలేదు, ఇంకోసారి పీకా. విషయమేంటంటే 100 లాంటి ఛానెళ్ళు రాడార్లు కూడా వాడేవి, అందుకని వాటిలో మాట్లాడే ముందు యాక్సెస్ పాయింట్ 60 సెకన్లు ఊరికే వినాలి, రాడార్ లేదని తేలాకే మొదలుపెడుతుంది. నేను పీకిన ప్రతిసారీ ఆ నిమిషం మళ్ళీ మొదటి నుంచి. మధ్యలో రాడార్ వినపడిందంటే ఛానెల్ వదిలేయాలి, అరగంట దాకా తిరిగి రాకూడదు. మాకు అలా రెండుసార్లు జరిగింది, దాంతో పైదాన్ని 149కి మార్చేశా.

ఇంత చేసినా మెట్ల దగ్గర గొడవ తీరలేదు. స్కానర్ పట్టుకుని పైగదిలో నిలబడితే అసలు సంగతి కళ్ళ ముందే ఉంది, ఫోన్ ఇంకా కిందదాన్నే పట్టుకుని వేలాడుతోంది, సిగ్నల్ మైనస్ 66 (ఈ అంకె సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత గట్టిది). ఎప్పుడు మారాలో నిర్ణయించుకునేది ఫోనే, చాలా ఫోన్లు మైనస్ 70 దాకా, కొన్ని ఇంకా కిందకి పడేదాకా, ఇంకోదాని కోసం వెతకవు. కిందది గట్టిగా అరుస్తుంటే ఫోన్‌కి బాగానే వినపడుతుంది, కానీ ఫోన్ రేడియో చిన్నది, దాని జవాబు స్లాబ్ దాటి కిందకి చేరడం లేదు. మాట తెగేది అక్కడ.

కిందదాని 5 గిగాహెర్ట్జ్ పవర్ 23 డీబీఎం (రేడియో పవర్ కొలిచే లెక్క) నుంచి 17కి దించా. 3 తగ్గిన ప్రతిసారీ పవర్ సగం అవుతుంది, అంటే 6 తగ్గితే 200 మిల్లీవాట్ల నుంచి 50కి. 2.4 అయితే ఇంకో 6 తగ్గించి 11కి తెచ్చా, ఫోన్లు 5నే ఎంచుకోవాలని. హాల్లో ఏ తేడా లేదు. మెట్ల మలుపులో మాత్రం మైనస్ 72 పడింది, రెండు మెట్లెక్కేసరికి ఫోన్ పైదానికి మారి మైనస్ 51 చూపించింది. ఆ అంకె చూసి ఎంత సంతోషమేసిందో, కిందకీ పైకీ నాలుగుసార్లు తిరిగా.

చివరగా 2.4లో పాత స్పీడ్లు 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ తీసేశా, బీకన్లు (యాక్సెస్ పాయింట్ నేనిక్కడున్నా అని పదే పదే పంపే సందేశాలు) అతి నెమ్మది స్పీడ్‌లో వెళ్ళి గాల్లో టైమంతా తినేస్తాయి కాబట్టి. పాత ప్రింటర్ వెంటనే పడిపోయింది. 11 ఒక్కటి తిరిగి ఆన్ చేస్తే వచ్చేసింది, అలాగే వదిలేశా. ఆ సాయంత్రం అమ్మతో మాట్లాడుతూ పైకెళ్ళా, గదిలోకి వచ్చి కూర్చున్నాక కూడా ఆవిడ చెప్పేది చెబుతూనే ఉంది.