పిసకొద్దంది డాక్టరమ్మ

బాలింతకు జ్వరమొస్తే చలిగాలి తగిలిందనే అంటారు మా ఇంట్లో. నేను చలికి గజగజ వణుకుతుంటే అమ్మ రెండు దుప్పట్లు కప్పి చెవుల్లో దూది పెట్టింది. అసలు సంగతి ఎడమ రొమ్ములో ఉంది. ఒక పక్కంతా ఎర్రగా కమిలి, రాయిలా గట్టిపడి, జాకెట్టు రాసుకున్నా ప్రాణం పోయేది.

పాలు గడ్డకట్టాయి, కాపడం పెట్టి గట్టిగా పిసకమంది పెద్దమ్మ. డాక్టరమ్మ పిసకడం వద్దే వద్దంది. దీన్ని మాస్టైటిస్ అంటారట. లోపల కణజాలం వాచి పాల నాళాలు ఇరుకవుతాయి, నొక్కేకొద్దీ వాపు పెరుగుతుంది. చల్లటి గుడ్డ వేసుకోమంది, నొప్పి, వాపు తగ్గే ఐబూప్రోఫెన్ మాత్ర రాసింది. పాపకు ఆకలైనప్పుడల్లా ఎప్పటిలాగే పాలివ్వమంది. ఖాళీ చేయాలని పంపుతో పదే పదే తీస్తే పాలు ఇంకా ఎక్కువ ఊరతాయి, అదో తంటా. తల్లిపాల మీద పనిచేసే డాక్టర్ల సంస్థ అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో మార్చిన సూచనలు కూడా ఇలాగే ఉన్నాయి. మన ఇళ్లకు ఆ కబురు ఎప్పటికి చేరుతుందో!

ఆ పాలు పాపకు పడవేమోనని అందరికీ టెన్షన్. ఏమీ కాదు, తాగొచ్చంది డాక్టరమ్మ. ఒక రోజులో తగ్గకపోతే యాంటీబయాటిక్ వాడాలంది, పాలిచ్చే తల్లులకు సరిపడేవి ఉన్నాయట. అయినా గడ్డ అలాగే ఉంటే చీము పట్టిందేమో స్కాన్‌లో చూస్తారు. నాకు అంతదాకా రాలేదు.

పెద్దమ్మ మాత్రం తను పెట్టిన ఒక్క కాపడంతోనే తగ్గిందని చుట్టాలందరికీ ఫోన్ చేసి చెబుతోంది.